వరద సాయం ఎవరి పేరున

ఏం చేస్తుంటారండీ అని ఎవరైనా అడిగితే వ్యవసాయం అని చెప్తాను. ఆస్ట్రేలియాలో, ఈ టూవూంబాలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ మాట అన్నానంటే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. చుట్టూ డాక్టర్లు, నర్సులు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్లు, కంప్యూటర్ల వాళ్లు. వాళ్ల మధ్యలో నేను. "ఓ, గార్డెనింగా ఆంటీ!" అంటారు చిన్నవాళ్లు. గార్డెనింగ్ కాదు నాయనా, వ్యవసాయం. కౌలు పొలం, బోరు, డ్రిప్పు పైపులు, ఎరువు, పురుగు, అప్పుడప్పుడూ ఏడుపు. అన్నీ ఉన్నాయి.

మా ఇల్లు కొండ మీద. కొండ దిగితే లాక్యర్ లోయ, పొలం అక్కడ. ఆ నేల మొదటిసారి చూసిన రోజు నాకు మతి పోయింది. నల్లరేగడి! మా పల్నాడులో పత్తి పండే నేలే ఇక్కడికొచ్చి కూర్చుందా అనిపించింది. కారు ఆపించి, దిగి, ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని నలిపి చూశాను. మా ఆయన కారులోంచి ఒకటే గోల, "ఎవరిదో పొలం, చూస్తే బాగోదు, ఎక్కు" అని. ఎక్కాను కానీ ఆ మట్టి రంగు గోళ్లలోంచి పోనివ్వలేదు, ఇంటికెళ్లేదాకా చూసుకుంటూనే ఉన్నాను.

అప్పటికి నేను ముసలివాళ్ల హోమ్‌లో పని చేస్తున్నాను. పెరట్లో గోంగూర వేస్తే ఇక్కడి ఎండకి నా ఎత్తు పెరిగింది. ఉగాదికి అందరం కలిసినప్పుడు పప్పులోకి తీసుకెళ్లాను. ఆరోజు నన్ను ఇంటికి వెళ్లనిచ్చిన వాళ్లు లేరు, "మాకు, మాకు" అని. తర్వాత బ్రిస్బేన్‌లో మన సరుకుల కొట్టు ఆయన ఫోన్ చేశాడు, ఎంత ఇస్తే అంత తీసుకుంటానని. ఇక హోమ్‌లో పని మానేసి లోయలో పొలం కౌలుకి తీసుకున్నాను. ఇక్కడివాళ్లు గోంగూర మొక్కని రోజెల్లా అంటారు. ఎర్ర కాయలు కోసుకుని జామ్ చేసుకుంటారు, ఆకు వదిలేస్తారు. నేను ఆకు అమ్ముకుంటానని తెలిసి పొలం యజమాని, డెబ్బై దాటిన తెల్లాయన, పగలబడి నవ్వాడు. నవ్వితే నవ్వాడు, కౌలుకైతే ఇచ్చాడు.

గోంగూరతో మొదలెట్టి బెండ, సొర, దోస, తోటకూర దాకా వెళ్లాను. మా అకౌంటెంటు భాగస్వామ్య వ్యాపారంగా ఇద్దరి పేర్ల మీదా రిజిస్టర్ చేయించాడు. ఎక్కడ రాసినా మా ఆయన పేరు ముందు, నా పేరు వెనక. ఎవరూ ఆలోచించి చేసింది కాదది. గడప దాటినా, గుడికెళ్లినా, శుభలేఖ అచ్చేయించినా మనకి అదే వరస కదా, చెయ్యి అలాగే రాసుకుంటూ పోతుంది.

మా ఆయన ఐటీ మనిషి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంట్లో కూర్చుని బ్రిస్బేన్ కంపెనీకి పని చేస్తాడు. శనాదివారాలు పొలానికి వస్తాడు. బాగానే చేస్తాడు, కాదనను. పెద్ద టోపీ, మొహం నిండా సన్‌స్క్రీన్, చేతులకి గ్లవ్స్, చెవుల్లో పాటలు. సాయంత్రానికి నడుం పట్టుకుని "వ్యవసాయమంటే మాటలు కాదే" అని నాకు చెప్తాడు. నాకు! సరేలే పాపం అని నవ్వుకునేదాన్ని.

మా అత్తగారు వచ్చింది వరద వచ్చిన ఏడాదే. మామగారు పోయాక ఆవిడ మా దగ్గరికి రావడం అదే మొదటిసారి. పెళ్లయిన నాటి నుంచీ పొలంలోనే బతికిన మనిషి, ఇంట్లో కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటుంది? పొద్దున్నే నాకంటే ముందే తయారై కారు దగ్గర నిలబడేది. షెడ్డులో నీడన కూర్చుని గోంగూర కట్టలు కట్టేది. ఆవిడ కట్టిన కట్ట చూస్తే విప్పబుద్ధి కాదు. బ్రిస్బేన్ కొట్టాయన "ఈమధ్య కట్టలు బాగుంటున్నాయండీ, మనిషిని మార్చారా?" అని అడిగాడు. అదే చెప్తే ఆవిడ మూతి ముడిచింది గానీ, మర్నాటి నుంచి ఇంకాస్త ముద్దుగా కట్టింది.

ఎండాకాలం వెళ్లిపోతుందనగా వాన మొదలైంది. వాగు పొంగింది. లోయలోకి దిగే దారి మూసేశారు. దారి తెరిచాక వెళ్లి చూస్తే ఇక్కడొక పొలం ఉండేదంటే ఎవరూ నమ్మరు. పందిళ్లు లేవు, పాదుల్లేవు. మోటారు బురదలో కూరుకుపోయింది. డ్రిప్పు పైపులన్నీ కొట్టుకుపోయి అవతలి కంచె తీగలకి చిక్కులు పడి వేలాడుతున్నాయి. పై మట్టి, ఆ నా నల్లమట్టి, చాలామేర కోసుకుపోయింది. గట్టు మీద కూలబడి బావురుమన్నాను. మా అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. "ఏడువు, ఏడ్చి లెగు" అంది, అంతే.

పొలం యజమాని చెడ్డవాడు కాదు. వచ్చి, చూసి, తల ఊపి ఉన్నమాట చెప్పాడు. చలికాలం పోయేలోగా శుభ్రం చేసి, మోటారు, కంచె బాగుచేసుకుని మళ్లీ నాటగలిగితే కౌలు కొనసాగిద్దాం. కాకపోతే పక్కన ఆకుకూరలు వేసే పెద్ద కంపెనీ అడుగుతోంది, వాళ్లకి ఇచ్చేస్తాను అన్నాడు. ఆయన బతుకూ ఆ కౌలు మీదే కదా, ఏమనగలం?

ఇంటికొచ్చాక మా ఆయన మెల్లగా అన్నాడు. "ఇంటి లోను ఒకటి ఉంది. ఇంకా దీంట్లో పొయ్యలేం. వదిలేద్దాం. నువ్వు మళ్లీ హోమ్‌లో చేరు."

"చేరను," అన్నాను.

"కోపం కాదు, ఆలోచించు..."

"కోపమే. ఆలోచించే చెప్తున్నా. ఆ పని చిన్నదని కాదు, చేశాను, మళ్లీ చెయ్యగలను. నాకు నా పొలం కావాలి."

 ఆయన దగ్గర లేనిది ఎక్కడ తెచ్చిస్తాడు పాపం. మంచి కబురు చెప్పింది మళ్లీ ఆ పొలం యజమాని ముసలాయనే. వరదలో నష్టపోయిన రైతులకి ప్రభుత్వం సాయం ఇస్తోంది, తిరిగి కట్టక్కర్లేదు, పెట్టుకోండి అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయనకీ హుషారొచ్చింది. దరఖాస్తులంటే ఆయనకి మహా సరదా. వీసాలు, పౌరసత్వం, ఇంటి లోను, అన్నీ తనే గెలిచానన్నట్టు చెప్పుకుంటాడు. "నువ్వు పొలం సంగతి చూడు, కాగితాల సంగతి నాకొదిలెయ్" అన్నాడు. వదిలేశాను. కొన్నాళ్లకి కబురొచ్చింది, ఆఫీసరు పొలం చూడ్డానికి వస్తుందని.

ముందురోజు మా అత్తగారు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. "ఆఫీసరమ్మ వచ్చినప్పుడు నువ్వు ముందుకి రాబాకు. వాణ్ణి మాట్లాడనీ. మొగోడు పక్కనుండగా ఆడమనిషి గబగబా మాట్లాడిందనుకో, ఈ ఇంట్లో మగదిక్కు లేదనుకుంటారు."

"ఇక్కడ అలా అనుకోరత్తయ్యా."

"ఎక్కడైనా అంతే. పైకి అనరు."

సరే, పెద్దావిడ మాట, పైగా ఇంగ్లీషులో అధికారులతో మాట్లాడటం మా ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. నాకేం అభ్యంతరం? పొద్దున చూద్దును కదా, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చంకలో ఫైలు. ఫైలు తెరిస్తే జీతం స్లిప్పులు, కంపెనీ ఇచ్చిన ఉద్యోగపు లెటరు, ఇంటి కాగితాలు.

"ఇవెందుకండీ?" అన్నాను.

"డబ్బిచ్చేవాడికి మన స్థితి తెలియొద్దూ? ఇంటి లోనప్పుడు చూళ్లేదూ, జీతం చూశాకే కదా వాడి మొహం విప్పారింది."

నాకూ సబబుగానే తోచింది, నిజం చెప్తున్నా. ఈ దేశంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మనవాళ్లం ఏ ఆఫీసుకెళ్లినా చూపించేది జీతమే. వీసాకి జీతం, అద్దెకి జీతం, కారుకి జీతం. జీతం చూపిస్తే పని జరుగుతుందన్నది మా అందరికీ రక్తంలోకి ఎక్కిపోయింది. అత్తగారైతే కొడుకు ఫైలు చూసి దిష్టి తీస్తున్నట్టు చూసింది.

ఆఫీసరు నడివయసు ఆడమనిషి. బురద బూట్లు, ఎండకి కందిన మొహం, తనూ పొలాల్లో పెరిగిన మనిషిలాగే ఉంది. మా ఆయన ఎదురెళ్లి, షేక్‌హ్యాండిచ్చి, పొలమంతా తిప్పి చూపించాడు. నేను కొంచెం దూరంలో కంచె తీగల్లోంచి పైపుల చిక్కు తీస్తున్నాను. మా అత్తగారు షెడ్డులో కుర్చీ వేసుకుని చూస్తోంది. మాటలన్నీ వినపడుతున్నాయి నాకు.

"రోజూ ఈ పొలం పని చూసేది ఎవరు?" అనడిగింది ఆవిడ.

"నేనే. మా ఆవిడ హెల్ప్ చేస్తుంది," అన్నాడు మా ఆయన.

చేతిలో పైపు ఆగింది నాకు. కానీ పెద్దావిడ మాట గుర్తుంచుకుని పళ్లు బిగించాను.

"వారంలో మీరు ఎంతసేపు ఉంటారిక్కడ?"

"శని, ఆదివారాలు పూర్తిగా ఇక్కడే," గర్వంగా చెప్పాడు.

"మిగతా రోజులు?"

"ఫుల్‌టైమ్ ఉద్యోగం. పర్మనెంటు," అని ఫైలు తెరిచి స్లిప్పులు తీశాడు. ఆవిడ వాటిని చూసింది. చూసి, జాగ్రత్తగా ఆయన చేతికే ఇచ్చేసింది. తర్వాత చాలా మర్యాదగా చెప్పింది. ఈ సాయం వ్యవసాయమే బతుకుతెరువుగా ఉన్నవాళ్ల కోసం. తన సమయంలో ఎక్కువ భాగం పొలంలోనే గడిపి, దాని మీద వచ్చేదానితోనే బతికే రైతుకి. మీకు మంచి జీతం ఉంది, సంతోషం. మీకిది వారాంతపు వ్యాపకం కింద లెక్క. ఇలాగైతే రాదండీ.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. జీవితంలో మొదటిసారి జీతం చూపించాక పని చెడింది. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు గానీ కొడుకు మొహం చదవడం వచ్చు. "ఏవంటందే?" అని షెడ్డులోంచి కేకేసింది.

"మనం రైతులం కాదంటోందత్తయ్యా."

"వాణ్ణి ఇంకోసారి గట్టిగా చెప్పమను!"

ఇంకేం చెప్తాడు? చెప్పినకొద్దీ మునుగుతాం. వ్యాపకమట! నా పొలం వ్యాపకమట! ఒళ్లు భగ్గున మండింది. పైపు కింద పడేసి వెళ్లాను. చేతుల నిండా బురద, తుడుచుకోలేదు కూడా.

"మేడమ్, ఇందాకటి నుంచి మీరు అడిగిన ప్రశ్నలు మంచివే, అడగాల్సిన మనిషే వేరు. మళ్లీ మొదటి నుంచి నన్నడగండి," అన్నాను. నా ఇంగ్లీషు మా ఆయన ఇంగ్లీషంత నున్నగా ఉండదు. ఉండక్కర్లేదు.

ఆవిడ నన్నూ, నా చేతుల్నీ చూసి, అడిగింది. రోజూ పొలం చూసేది ఎవరు? నేను. వారంలో ఎన్ని రోజులు? పొలం ఎన్ని రోజులు రమ్మంటే అన్ని రోజులు. వేరే ఉద్యోగం ఉందా? ఉండేది, దీని కోసమే మానేశాను. వేరే ఆదాయం? లేదు. నా పేరున ఎక్కడా ఒక్క జీతం స్లిప్పు కూడా లేదు మేడమ్, నేను సంపాదించింది ఏదైనా ఈ మట్టిలోంచి వచ్చిందే. ఈ వ్యాపారం మా ఇద్దరి పేర్ల మీదా ఉంది, అందులో రైతుని నేను. నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, ఏం పోయిందో, ఏం మిగిలిందో, సాయం వస్తే ముందు ఏ మూల నాటతానో నడిపించి చూపిస్తాను రండి.

"మరి దరఖాస్తులో ముఖ్యమైన రైతుగా ఆయన పేరు ఎందుకుంది?" అనడిగింది. తప్పుపట్టడం కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

"అలవాటు మేడమ్, చెయ్యి అలా రాసుకుంటూ పోతుంది," అన్నాను. 

అప్పుడు ఆవిడ మా ఆయన వైపు తిరిగింది. "ఆవిడ చెప్పింది నిజమేనా?"

 ఇక ఆయన ఏమంటే అదే ఖాయం. భాగస్వామి ఆయన, సంతకం ఆయనది, అంతకుముందే "నేనే" అని నోటితో చెప్పింది ఆయన. ఇప్పుడు నిజమేనంటే ఇందాక అబద్ధం ఆడినవాడవుతాడు, కాదంటే నా పొలం పోతుంది. షెడ్డులోంచి వాళ్లమ్మ లేచి నిలబడి చూస్తోంది. ఆయన వాళ్లమ్మని చూశాడు, నన్ను చూశాడు, ఇస్త్రీ చొక్కా మీద పడ్డ బురద చుక్కని చూసుకున్నాడు.

"నిజమే," అన్నాడు. "ఇందాక నేను చెప్పింది తప్పు. రైతు తనే. నేను సెలవురోజుల్లో వచ్చి సాయం చేస్తాను. తను చెప్పిన పని చేస్తాను."

చెప్పొద్దూ, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి మీద అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు నాకు.

ఆఫీసరు మాట ఇవ్వలేదు. ముఖ్యమైన రైతుగా నన్ను చూపించి దరఖాస్తు సరిచేసి పంపండి, రుజువులు జతచెయ్యండి, పైవాళ్లు పరిశీలిస్తారు అంది. అన్నాక మాత్రం పొలమంతా నాతో ఇంకోసారి నడిచింది. ఈసారి నెమ్మదిగా నడిచింది, రాసుకుంటూ.

తిరిగొచ్చేటప్పుడు కారు కొండ ఎక్కుతుంటే మా అత్తగారు అద్దంలోంచి బయటికి చూస్తూ అంది, "పరాయిదాని ముందర వాడి పరువు తీశావు."

"పరువు కాదత్తయ్యా, పొలం పోయేది."

"పోతే పోయేది."

"పొలం పోతే పోయేదని మీరా అంటున్నది?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.  మా ఆయన డ్రైవింగు తప్ప లోకంలో ఇంకేదీ తెలియనట్టు రోడ్డుకేసి చూస్తూ నడిపాడు.

ఆ తర్వాత ఇంట్లో మౌనవ్రతం. నాతో చెప్పాల్సింది కొడుకుతో చెప్పేది. నేను స్టవ్వు దగ్గరే ఉంటే, "కూరలో ఉప్పు సరిపోయిందేమో కనుక్కోరా" అని గదిలో మీటింగులో ఉన్నవాణ్ణి కేకేసేది. ఆయన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, నన్నడిగి, మళ్లీ వెళ్లి చెప్పేవాడు. నాకు కోపమూ వచ్చేది, నవ్వూ వచ్చేది. అయినా పొద్దునయ్యేసరికి ఆవిడ కారు దగ్గర రెడీ. ఒక్క మాట లేకుండా నాతో సమానంగా బురదలోంచి పైపులు లాగేది, చిక్కు విప్పేది, కడిగి ఆరబెట్టేది. పలకనిది నాతోనే గానీ పొలంతో కాదు.

ఒక ఆదివారం తెలుగువాళ్లందరం పార్కులో కలిశాం. మగవాళ్లు బార్బెక్యూ పొయ్యి దగ్గర చేరి కోడిముక్కలు కాలుస్తున్నారు. సంగతి ఊరంతా తెలిసిపోయింది కదా, ఒకాయన మొదలెట్టాడు. "ఏం బాబాయ్, గవర్నమెంటు నిన్ను రైతు కాదు పొమ్మందంటగా?" అందరూ గొల్లున నవ్వారు.  మా ఆయన ముక్క తిరగేస్తూ తాపీగా అన్నాడు, "పొలం మా ఆవిడది. నేను శనాదివారాలు కూలికెళ్తా. కూలి సరిగ్గా ఇవ్వదు గానీ, భోజనం పెడుతుంది."

ఇంకా పెద్దగా నవ్వారు, కానీ ఈసారి నవ్వు ఆయన మీద కాదు, ఆయనతోనే. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. కొడుకుని అలా చూస్తూ ఉండిపోయింది. తన మామగారు, తన మొగుడు, తన తమ్ముళ్లు, ఎవరి నోట్లోనూ విననిమాట విన్నట్టుంది ఆవిడ చూపు. అప్పుడు నాకలా అనిపించింది, అడగలేదు.

దరఖాస్తు ఈసారి నా పేరు ముందు రాసి మళ్లీ పంపాం. చలి ముదిరింది. ముసలాయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు, తొందరపెట్టలేదు గానీ చూసి వెళ్లాడు. చేతనైనంత శుభ్రం చేశాం. మోటారు లేకుండా ఇంక అడుగు ముందుకి పడదు. ఒకరోజు పొద్దున షెడ్డు ముందర పైపు ముక్కలు అతికిస్తుంటే ఫోను మోగింది. ఆ ఆఫీసరే. మంజూరైంది, ఉత్తరం వస్తుంది, ముందు మీకు చెబుదామనిపించింది అంది. ఏం మాట్లాడానో గుర్తులేదు, మాట్లాడింది తెలుగో ఇంగ్లీషో కూడా గుర్తులేదు. ఫోను పెట్టేసి అరిచాను. కంచె మీది పిట్టలన్నీ లేచిపోయాయి.

అత్తగారు చేతిలో పని ఆపింది. అన్నాళ్లూ నాతో మాట్లాడని మనిషి, సూటిగా నన్నే అడిగింది.

"వచ్చినయ్యా?"

"వచ్చాయత్తయ్యా! పొలం మనదే!"

"ఎవరి పేరున?"

ఇదిగో మళ్లీ మొదలు అనుకున్నాను. తగవుకి సిద్ధమయ్యే చెప్పాను, "నా పేరున. రైతునని నా పేరున ఇచ్చారు."

ఆవిడ అక్కడే, తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుంది. పమిటతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఊళ్లో మన చేను సంగతి నీకు తెలుసుగా," అంది. "కాపరానికొచ్చిన కాణ్ణుంచీ నాటింది నేను, కలుపు తీసింది నేను, కోసింది నేను. మీ మామ ఊళ్లో పంచాయితీలు చూసుకునేవాడు. సర్కారు రైతులకిచ్చే డబ్బులు ఆయన అకౌంటులో పడేయి. ఫోనుకి మెసేజొస్తే నాకు చదివి వినిపించేవాడు. నేనూ సంతోషపడేదాన్ని, నాకేం తెలుసు?"

"ఇప్పుడు మీకే పడుతున్నాయిగా అత్తయ్యా."

"ఆయన పోయినాక పాస్‌పుస్తకం నా పేరుకి మార్చారు. ఆ ఏడు మొదటిసారి నా ఫోనుకి మెసేజొచ్చింది. రైతని నా పేరేసి. చుట్టుపక్కలోళ్లు చదివి చెప్పారు. నేను బ్యాంకుకి పోలేదు. చానాళ్లు ఆ డబ్బులు ముట్టుకోలా."

"ఎందుకని?"

"మొగుడు చచ్చినందుకు ఇచ్చినయ్యి అనిపించినయ్యే," అంది. ఏడ్చేసింది. ఆవిడ అలా ఏడవడం నేను అప్పుడే చూశాను, మామగారు పోయినప్పుడు కూడా అంత ఏడుపు లేదు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే నా బురద చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"నీకు వాడు బతికుండగానే వచ్చినయ్," అంది. "కళ్లకద్దుకుని తీసుకో."